సమీకరణంలో కనిపించని అంకె: చర్యా రేటు, క్రమాంకం చిక్కుముడి

మా వంటగట్టు నల్ల కడపబండది. నిమ్మకాయ కోసేటప్పుడు ఒక చుక్క దాని మీద పడి, తుడవడం మరిచిపోతే, తెల్లారేసరికి అక్కడ నునుపు పోయి బూడిదరంగు మచ్చ తేలుతుంది. అదే బండను పొడిగొట్టి గిన్నెలో వేసి నిమ్మరసం పిండితే చూస్తుండగానే బుసబుస నురగ వస్తుంది. కడపబండ సున్నపురాయి. నిమ్మలోని ఆమ్లం దాన్ని తింటుంది, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది.

కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహల్లో జరిగిందీ ఇదే కోవకు చెందిన పని. నిన్నమొన్నటిదాకా అది కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. అక్కడ నిమ్మరసం బదులు వాననీరు. గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని పలచని ఆమ్లమై రాతి పగుళ్లలోకి ఇంకింది. 3,229 మీటర్ల పొడవున గుహ తొలిచింది. దానికి పట్టిన కాలాన్ని వేల, లక్షల ఏళ్లలో లెక్కపెట్టాలి. రాయి జాతి ఒకటే, ఆమ్లం రాతిని కరిగించడమూ ఒకటే. ఒకచోట నిమిషం, ఇంకోచోట యుగం.

ఏ చర్య జరుగుతుందో సమీకరణం చెబుతుంది. ఎంత సేపట్లో జరుగుతుందో అది చెప్పదు. ఆ రెండో ప్రశ్న కోసం పుట్టిందే రసాయన గతికశాస్త్రం. ఇంటర్ రెండో సంవత్సరంలో పిల్లల్ని బాగా తికమక పెట్టే పాఠాల్లో ఇదొకటి. ఈఏపీసెట్ దగ్గరపడే కొద్దీ మా వీధి పిల్లలు ఇదే పాఠం పట్టుకొని వస్తుంటారు. మొన్న ఒక అమ్మాయి నోటుబుక్కు తెరిచి, "అక్కా, అర్ధాయువుకి ఒక పుస్తకంలో 0.693 బై కె అని ఉంది, ఇంకోదాంట్లో 0.693 బై 2కె అని ఉంది. రెంట్లో ఏది కరెక్టు?" అని అడిగింది. అర్ధాయువంటే పదార్థం సగం కావడానికి పట్టే కాలం, కె అంటే చర్య వేగానికి ఉండే స్థిరాంకం. రెండూ కరెక్టే. ఎట్లాగో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

రేటు అంటే ఏమిటి, దాన్ని ఎందుకు భాగిస్తారు

ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల పదార్థం ఉందో అది దాని గాఢత. ఆ గాఢత ఎంత సేపట్లో ఎంత మారిందన్నదే రేటు. ఇంతవరకు ఎవరికీ చిక్కులేదు. చర్యలో నాలుగు పదార్థాలుంటే ఎవరి గాఢత చూడాలన్న దగ్గర చిక్కు మొదలవుతుంది.

డైనైట్రోజన్ పెంటాక్సైడ్ విడిపోయే చర్య తీసుకుందాం. రెండు పెంటాక్సైడ్ అణువులు విడిపోతే నాలుగు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు వస్తాయి. మొదట 0.100 ఉన్న పెంటాక్సైడ్ గాఢత 100 సెకన్లలో 0.080కి పడిందనుకోండి. తరిగింది 0.020. అదే సమయంలో నైట్రోజన్ డయాక్సైడ్ 0.040 పుట్టింది, ఆక్సిజన్ 0.010 పుట్టింది. ఒకే చర్యకు మూడు వేగాలు. ఏది దాని అసలు రేటు?

దీనికి రసాయన శాస్త్రవేత్తలు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఒక్కోదాన్ని సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగించాలి. 0.020ని 2తో, 0.040ని 4తో, 0.010ని 1తో భాగిస్తే అన్నీ 0.010 అవుతాయి. వంద సెకన్లకు 0.010, అంటే సెకనుకు 0.0001. ఇప్పుడు మూడూ ఒకే మాట చెబుతున్నాయి. అంతర్జాతీయంగా సిఫారసు చేసే నిర్వచనం ఇదే.

అయితే ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు చాలామంది అట్లా రాయరు. తాము కొలిచేది పెంటాక్సైడ్ తరుగుదల, కాబట్టి ఆ తరుగుదలనే రేటుగా రాసుకుంటారు. అదీ తప్పు కాదు. పెద్ద పుస్తకాలు కూడా చాలా ఏళ్లు అట్లాగే రాశాయి. అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఈ చర్యకు రేటు = కె × పెంటాక్సైడ్ గాఢత. భాగించి రాసిన రేటు ప్రకారం స్థిరాంకం కె సెకనుకు 0.001 అనుకుంటే, పెంటాక్సైడ్ నిజంగా తరిగేది దానికి రెండింతల జోరుతో, అంటే 0.002తో. సగం కావడానికి పట్టే కాలం 0.693ను 0.002తో భాగిస్తే వస్తుంది: దాదాపు 347 సెకన్లు. భాగించకుండా నేరుగా తరుగుదలతో కె రాసినవారికి కె విలువే 0.002. వాళ్ల పుస్తకంలో 0.693 బై కె ఉంటుంది, జవాబు అదే 347. మొదటివారి కె తీసుకొని రెండోవారి సూత్రంలో వేస్తే మాత్రం 693 వచ్చి పప్పులో కాలేస్తాం. ప్రశ్నలో రేటును ఎట్లా నిర్వచించారో ముందు చదవాలి. గడియారంలో సగం కాలం ఎప్పుడూ ఒక్కటే.

క్రమాంకం: రెండింతలు చేస్తే ఏమవుతుంది?

ఒక క్రియాజనకం, అంటే చర్యలో ఖర్చయ్యే పదార్థం, గాఢతను రెండింతలు చేశాం. రేటు మారకపోతే ఆ పదార్థం పరంగా క్రమాంకం సున్నా. రేటు కూడా రెండింతలైతే ఒకటి. నాలుగింతలైతే రెండు. అన్ని పదార్థాల క్రమాంకాలూ కూడితే మొత్తం చర్యకు క్రమాంకం. నిర్వచనం ఇంతే. దీన్ని సమీకరణంలా రాస్తే రేటు నియమం అంటాం. అందులో గాఢతల నెత్తిన ఉండే ఘాతాంకాలే క్రమాంకాలు. కె అన్నది ఆ ఉష్ణోగ్రత దగ్గర ఆ చర్యకు ఉండే స్థిరాంకం.

పిల్లలు నూటికి తొంభైమంది చేసే తప్పు ఇక్కడే. సమతుల్య సమీకరణంలో పదార్థం ముందు 2 ఉంటే క్రమాంకం రెండు అని రాసేస్తారు. పైన చెప్పిన పెంటాక్సైడ్ ముందు 2 ఉంది, దాని క్రమాంకం మాత్రం ఒకటి. నైట్రోజన్ డయాక్సైడూ కార్బన్ మోనాక్సైడూ కలిసే చర్యలో రెండింటి ముందూ 1 ఉంది. సుమారు 225 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన ఆ చర్య రేటు నైట్రోజన్ డయాక్సైడ్ గాఢత వర్గాన్ని బట్టి నడుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌ను ఎంత పెంచినా కదలదు. సమీకరణం జమాఖర్చు పుస్తకం లాంటిది: ఎంత పోయింది, ఎంత వచ్చింది అంతే. సరుకు ఏ దారిన వచ్చిందో అందులో రాసి ఉండదు.

తప్పు పిల్లలదే అనడం నాకు న్యాయంగా తోచదు. ఒక్క దశలో ముగిసే చర్యలకు సమీకరణంలోని అంకెలే క్రమాంకాలు. పాఠం మొదట్లో అట్లాంటివే చూపిస్తాం, తర్వాత మినహాయింపులంటూ మిగతావి చెబుతాం. నిజానికి మనం చూసే చర్యల్లో ఎక్కువ భాగం పలు దశలవే.

రంగు వెలిసే ప్రయోగం

క్రమాంకం ఎట్లా కనుక్కుంటారో చూపడానికి నాకు నచ్చిన చర్య అసిటోన్, అయోడిన్‌లది. ఆమ్లం సమక్షంలో అయోడిన్ అసిటోన్‌తో కలిసి అయోడోఅసిటోన్ అవుతుంది. అయోడిన్‌ది గోధుమరంగు, తయారయ్యేదానికి రంగు లేదు. కాబట్టి కొలతకు కళ్లూ ఒక గడియారమూ చాలు. తెల్లకాగితం మీద గాజు కుప్పె పెట్టి, అసిటోన్, ఆమ్లం ఎక్కువగానూ అయోడిన్ బాగా తక్కువగానూ పోసి, రంగు పూర్తిగా పోయేదాకా చూస్తాం.

లెక్కకు అనువైన అంకెలు తీసుకుందాం. మొదటిసారి రంగు 240 సెకన్లలో పోయింది. అసిటోన్ రెండింతలు చేస్తే 120 సెకన్లు. అంటే రేటు రెండింతలు, క్రమాంకం ఒకటి. అసిటోన్‌ను పాత మోతాదుకు తెచ్చి ఆమ్లం రెండింతలు చేస్తే మళ్లీ 120. ఆమ్లం పరంగానూ ఒకటే. ఇప్పుడు ఆమ్లాన్నీ పాత మోతాదుకు తెచ్చి అయోడిన్ రెండింతలు: 480 సెకన్లు!

క్లాసులో ఇక్కడ ఎవరో ఒకరు "అయోడిన్ చర్యను తగ్గిస్తోంది" అంటారు. కాదు. రెండింతల అయోడిన్ ఉంది, పోవడానికి రెండింతల సమయం పట్టింది. సెకనుకు పోయిన అయోడిన్ అప్పుడూ ఇప్పుడూ సమానమే. అయోడిన్ పరంగా క్రమాంకం సున్నా. ఇంకో మాటలో, చర్య రేటు = కె × అసిటోన్ గాఢత × ఆమ్లం గాఢత.

ఒక్క నిమిషం దీని దగ్గర ఆగాలి. సమీకరణంలో క్రియాజనకంగా ఉన్న అయోడిన్ రేటు నియమంలో లేదు. సమీకరణంలో ఖర్చు కాని ఆమ్లం రేటు నియమంలో ఉంది. కుప్పెను దగ్గరగా చూసినా ఇది తెలుస్తుంది: రంగు ఒకే నడకన పలచబడుతూ వచ్చి, చివర్లో నెమ్మదించకుండా ఉన్నట్టుండి తెల్లబడుతుంది. మామూలుగా చర్యలు చివర్లో నీరసిస్తాయి. ఇది నీరసించదు.

1904లో ఆర్థర్ లాప్‌వర్త్ ఈ కుటుంబానికే చెందిన బ్రోమిన్, అసిటోన్ చర్యలో దీని గుట్టు పట్టుకున్నాడు. బ్రోమిన్ ఎంత ఉన్నా వేగం మారలేదు. అంటే బ్రోమిన్ రాకముందే ఏదో నెమ్మదైన పని జరుగుతోంది. ఆమ్లం సాయంతో అసిటోన్ మెల్లగా ఈనాల్ అనే ఇంకో రూపంలోకి మారుతుంది. ఆ రూపం కనబడగానే బ్రోమిన్, లేదా అయోడిన్, లటుక్కున పట్టేసుకుంటుంది.

ఓలిగల పెనం దగ్గర

ఉగాది పూట మా ఇంట్లో ఓలిగలు. అమ్మ పూర్ణం ఉండలు కడుతుంది, పిన్ని వాటిని పిండిలో పొదిగి తడుతుంది, పెనం దగ్గర అవ్వ. పెనం ఒకటే, ఒక దఫాకు ఒక ఓలిగే. విస్తళ్ల ముందు నలుగురు పిల్లలు కూచున్నా పదిమంది కూచున్నా ఓలిగలు పెనం నడకనే వస్తాయి. పిల్లలు పెరిగినంత మాత్రాన అవి తొందరపడవు. పెనం మీదినుంచి దిగిందే తడవు ఎవరో ఒకరు లాక్కుంటారు. పక్కపొయ్యి మీద రెండో పెనం పెడితే తప్ప జోరు పెరగదు.

అయోడిన్ అణువులు ఆ పిల్లలు. పెనం దగ్గరి పని అసిటోన్ రూపం మారడం. అసిటోన్‌నో ఆమ్లాన్నో రెండింతలు చేస్తే రెండో పెనం పెట్టినట్టు. గతికశాస్త్రంలో ఆ పెనాన్ని రేటు నిర్ణాయక దశ అంటారు, పలు దశల్లో అన్నిటికంటే నెమ్మదైనది. రేటు నియమంలో మనకు కనబడేది ఆ దశా, దానికి ముందు జరిగినవీ. తర్వాతి పనులు ఎంత ముఖ్యమైనవైనా అందులోకి రావు.

అణుత అనే ఇంకో మాట కూడా ఇక్కడే వస్తుంది. ఒక్క దశలో ఎన్ని అణువులు ఢీకొంటున్నాయో అది అణుత. అది ఒకటి, రెండు, చాలా అరుదుగా మూడు. అర అణువు ఢీకొనదు కాబట్టి అణుత ఎప్పుడూ పూర్ణాంకమే, సున్నా కాలేదు. క్రమాంకం కొలతలోంచి వచ్చేది. సున్నా కావచ్చు, ఒకటిన్నర కావచ్చు, రుణాంకమూ కావచ్చు. ఓజోన్ ఆక్సిజన్‌గా విడిపోయేటప్పుడు ఆక్సిజన్ పరంగా క్రమాంకం మైనస్ ఒకటి: పుట్టిన ఆక్సిజనే చర్యకు అడ్డం పడుతుంది.

ఐసు అయిపోయిన రోజు

డిగ్రీలో మాకు మిథైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ను నీటితో విడగొట్టే జలవిశ్లేషణ ప్రయోగం ఉండేది. ఎస్టర్‌ను ఆమ్ల ద్రావణంలో పోస్తే నీటితో చర్య జరిగి ఎసిటిక్ ఆమ్లం పుడుతుంది. పది నిమిషాలకోసారి 5 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీసి, ఐసు ముక్కలు వేసిన నీళ్లలో వదిలి, ఆమ్లం తీరిపోగానే గులాబీరంగు చూపే ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి సోడియం హైడ్రాక్సైడ్ వదలాలి. లేత గులాబీరంగు నిలిచిన చోట రీడింగ్.

అది మార్చి నెల, అనంతపురం ఎండ. బయట బడిలో కొని ఫ్లాస్కులో తెచ్చిన ఐసు మధ్యాహ్నానికి నీళ్లయింది. నలుగురికి ఒక బ్యూరెట్, వంతు కోసం కాచుకోవాలి. చివరి రెండు శాంపిళ్లను నేను మామూలు నీళ్లలోనే వదిలి నిలబడ్డాను. గ్రాఫు గీస్తే మొదటి బిందువులన్నీ ఒక గీత మీద కూచున్నాయి, చివరి రెండూ పక్కకు జరిగాయి. మా మేడం కాగితం చూసి, "ఐసు లేని రీడింగుకు టైం లేదు" అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు, ఆ రాత్రి రికార్డు రాస్తుంటే అర్థమయింది. శాంపిల్ తీసిన నిమిషం నేను రాసుకున్నాను, చర్య మాత్రం కోనికల్ ఫ్లాస్కులో ఇంకా నడుస్తూనే ఉంది. ఐసు చేసే పని ఆ గడియారాన్ని ఆపడం.

ఐసు సరిగ్గా ఉంటే అంకెలు ఇట్లా వస్తాయనుకోండి. మొదట రీడింగ్ 10 మిల్లీలీటర్లు, అది మొదటే పోసిన ఆమ్లానిది. చర్య పూర్తిగా ముగిశాక 30. తేడా 20, అదే మొదట ఉన్న ఎస్టర్‌కు గుర్తు. 40 నిమిషాలకు 20, 80 నిమిషాలకు 25, 120 నిమిషాలకు 27.5. మిగిలిన ఎస్టర్ వరసగా 20, 10, 5, 2.5. ప్రతి 40 నిమిషాలకూ సగం. ఎంత నుంచి మొదలుపెట్టినా సగానికి అదే కాలం పడితే అది ప్రథమ క్రమాంకం. కె విలువ 0.693ను 40తో భాగించగా నిమిషానికి 0.0173.

ఇది శూన్య క్రమాంకమైతే 80 నిమిషాలకే ఎస్టర్ మొత్తం ఖాళీ అయ్యేది: 20, 10, 0. ద్వితీయ క్రమాంకమైతే రెండో సగానికి 80 నిమిషాలు పట్టేది, 5కు దిగడం 120 నిమిషాల దగ్గర. మొదటి 40 నిమిషాలు మూడూ ఒకే చోటికి చేరాయి చూడండి. ఒక్క రీడింగ్‌తో క్రమాంకం చెప్పలేమన్నది ఇందుకే.

ఇంకో చిక్కు. ఈ చర్యలో నీరు కూడా ఖర్చవుతోంది, మరి దాని క్రమాంకం ఏది? లీటరు నీటిలో దాదాపు 55 మోల్‌ల నీరు ఉంటుంది. మనం పోసే ఎస్టర్ ఒక మోల్ కూడా ఉండదు. ఎస్టర్ మొత్తం అయిపోయినా నీటి గాఢత ఒక శాతం అటూ ఇటూ కదులుతుంది అంతే. మారనిది కెలో కలిసిపోతుంది. దీన్ని మిథ్యా ప్రథమ క్రమాంకం అంటారు. 1850లో లుడ్విగ్ విల్‌హెల్మీ ఆమ్లంలో చక్కెర విడిపోయే వేగాన్ని ధ్రువణమాపకంతో (ద్రావణం కాంతిని ఎంత తిప్పుతుందో చూపే పరికరంతో) కొలిచినప్పుడు చూసిందీ ఇదే. చక్కెర ఎంత మిగిలి ఉందో ఆ మేరకే వేగం ఉందని ఆయన తేల్చాడు. రసాయన చర్య వేగాన్ని లెక్కగా కట్టిన తొలి పని అది.

కె ప్రమాణాలు గుర్తుపెట్టుకోవడానికి కష్టపడనక్కర్లేదు. రేటుకు మోల్/లీటరు/సెకను రావాలి, దానికి సరిపడా కె సర్దుకుంటుంది. ప్రథమ క్రమాంకంలో సెకనుకు ఒకటి అని మాత్రమే మిగులుతుంది. ప్రశ్నలో కె ప్రమాణం ఇచ్చారంటే క్రమాంకం చెప్పేసినట్టే.

మందుబిళ్లలో ప్రథమం, శూన్యం

శూన్య క్రమాంకం పుస్తకాల్లో విచిత్రంలా కనబడుతుంది. మన ఒంట్లో అది రోజూ ఉంది. మళ్లీ పెనం దగ్గరికి పోదాం. పిన్ని తట్టిన ఓలిగలు కుప్పగా పేరుకున్నాయి, పెనం ఒక్క క్షణం ఖాళీ లేదు. కుప్ప ఇంకా పెరిగితే వేగం పెరుగుతుందా? పెరగదు. అదే కుప్ప అయిపోయి, ఒక్కొక్కటిగా తట్టి ఇస్తుంటే పెనం మధ్యమధ్యలో ఖాళీగా ఉంటుంది. అప్పుడు ఎంత తొందరగా ఇస్తే అంత తొందరగా కాలుతుంది. ఒకే పెనం మీద మొదట శూన్య క్రమాంకం, తర్వాత ప్రథమ క్రమాంకం. వేడి టంగ్‌స్టన్ తీగ మీద అమోనియా విడిపోవడం ఇట్లాంటిదే. పీడనం ఎక్కువగా ఉండి లోహం ఉపరితలం నిండిపోతే రేటు పీడనాన్ని లెక్కచేయదు.

కాలేయంలో ఎంజైములు ఆ పెనాలు. పారాసిటమాల్ మామూలు మోతాదులో వాటికి భారం కాదు, కాబట్టి ప్రథమ క్రమాంకంలో పోతుంది. ఆరోగ్యవంతుల్లో దాని అర్ధాయువు రెండు మూడు గంటలు. రెండున్నర అనుకుంటే పది గంటలకు నాలుగు సగాలు, పదహారో వంతు మిగులుతుంది. మద్యం అట్లా కాదు. కొద్దిపాటి తాగుడుకే ఎంజైము నిండిపోతుంది. అక్కడినుంచి గంటకు ఇంత అని ఒకే నడకన తగ్గుతుంది. రెండింతలు తాగితే దిగడానికి దాదాపు రెండింతల కాలం. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ ఈ రెంటికీ సరిహద్దులో ఉంటుంది. మోతాదు కొంచెం పెంచినా రక్తంలో దాని మట్టం అంచనాకు మించి ఎగబాకవచ్చు. డాక్టర్లు రక్తపరీక్షతో దాన్ని కనిపెట్టుకొని ఉండేది ఇందుకే.

తుమ్మలపల్లె ఖనిజంలో రెండు గడియారాలు

కడప జిల్లా పులివెందుల వైపు తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. అక్కడి ఖనిజంలో ఒకేసారి రెండు రకాల లెక్కలు చూడొచ్చు. యురేనియం-238 పరమాణువులు తమంతట తాము విఘటనం చెందుతుంటాయి. అది అచ్చమైన ప్రథమ క్రమాంకం, అర్ధాయువు సుమారు 447 కోట్ల ఏళ్లు. గ్రాము ఉన్నా టన్ను ఉన్నా, కాల్చినా చల్లార్చినా, పొడిచేసినా ఆ అంకె కదలదు. అది కేంద్రకం లోపలి వ్యవహారం, బయటి వేడిమి అంతదూరం చేరదు.

అదే ఖనిజంలోంచి యురేనియం తీసే పని మాత్రం మామూలు రసాయన చర్య. సున్నపు జాతి రాయి కావడంతో ఆమ్లం పోస్తే అది రాయికే ఖర్చయిపోతుంది. అందుకని అక్కడ సోడియం కార్బనేట్‌తో, పీడనం కింద వేడిచేసి కరిగిస్తారు. ముందుగా ఖనిజాన్ని సన్నగా నూరతారు. కడపబండ మీద మచ్చ, పొడి మీద నురగ అన్న తేడానే ఇది: ఘనపదార్థం ఎంత ఉందన్నది కాదు, ద్రవానికి ఎంత ఉపరితలం దొరికిందన్నది లెక్క.

పది డిగ్రీలకు రెండింతలా?

చలికాలం రాత్రి తోడేసిన పాలు తెల్లారేదాకా తోడుకోవు. మే నెలలో మూడు నాలుగు గంటలకే పెరుగు, ఇంకాసేపు వదిలితే పులుపు. పెరుగు బ్యాక్టీరియా పెరుగుదల కాబట్టి అచ్చమైన రసాయన ఉదాహరణ కాదు, మరీ వేడైతే తోడుకోవడమే ఆగిపోతుంది. వేడి పెరిగితే చర్యలు ఉరకలేస్తాయన్న అనుభవం మాత్రం సీమ వంటిళ్లలో అందరిదీ.

"పది డిగ్రీలు పెరిగితే రేటు రెండింతలు" అని ఒక బండలెక్క ఉంది. అది ఎంతవరకు నిజం? వేడికి అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి కాబట్టి అని చాలామంది కారణం చెబుతారు. లెక్క వేసి చూద్దాం. 27 డిగ్రీల నుంచి 37కు, అంటే 300 కెల్విన్ నుంచి 310కి పోతే ఢీకొనే సంఖ్య పెరిగేది సుమారు 1.6 శాతం. దానికీ రెండింతలకూ పొంతనే లేదు.

అసలు కారణం 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ ఇచ్చాడు. ఢీకొన్న అణువులన్నీ మారవు, ఒక మెట్టు దాటే శక్తి ఉన్నవే మారతాయి. ఆ మెట్టు ఉత్తేజన శక్తి. వేడి కొంచెం పెరిగినా ఆ మెట్టు దాటగల అణువుల వాటా బాగా పెరుగుతుంది. మెట్టు ఎత్తు మోల్‌కు 50 కిలోజౌళ్లైతే ఈ పది డిగ్రీలకు రేటు 1.9 రెట్లవుతుంది, బండలెక్క సరిపోయింది. 25 కిలోజౌళ్లైతే 1.4 రెట్లే. 100 అయితే 3.6 రెట్లు దాటుతుంది. కాబట్టి "రెండింతలు" అన్నది గది వేడిమి దగ్గర, మధ్యస్థమైన మెట్టు ఉన్న చర్యలకు మాత్రమే వర్తించే మాట. తాను ఖర్చు కాకుండా చర్య వేగం పెంచే ఉత్ప్రేరకం చేసేది తక్కువ మెట్టున్న ఇంకో దారి చూపడం.

ఒకే రేటు నియమం, రెండు దారులు

క్రమాంకం తెలిస్తే దారి తెలిసినట్టేనా? దీని మీద నిజమైన వాదం నడిచింది. 1890లలో మాక్స్ బోడెన్‌స్టైన్ హైడ్రోజన్, అయోడిన్ ఆవిరి కలిసి హైడ్రోజన్ అయోడైడ్ అయ్యే చర్యను కొలిచాడు. రేటు = కె × హైడ్రోజన్ × అయోడిన్. రెండు అణువులు ఢీకొంటాయి, బంధాలు మారతాయి, అంతే. దశాబ్దాలపాటు ఒక్క దశ చర్యకు నమూనాగా దీన్నే పాఠాల్లో చెప్పారు.

1967లో సలివన్ ఇంకో దారి చూపాడు. అయోడిన్ అణువు ముందుగా రెండు పరమాణువులుగా విడిపోతుంది, ఆ రెండూ హైడ్రోజన్‌తో చర్య జరుపుతాయి. అయోడిన్‌ను చీల్చే కాంతిని పంపితే, చర్య అంత వేడి అక్కర్లేని ఉష్ణోగ్రతల్లోనే నడిచింది. అది కూడా పరమాణువుల గాఢత వర్గానికి తగ్గట్టుగా. లెక్క వేస్తే ఈ దారికీ రేటు నియమం అదే వస్తుంది, ఎందుకంటే విడిపోయిన పరమాణువుల గాఢత వర్గం అయోడిన్ గాఢతకు అనులోమం. ఆ ప్రయోగం సూటిదారిని పూర్తిగా కొట్టేయలేదని తర్వాత వాదించినవారూ ఉన్నారు. నాకు సలివన్ పక్షం బలంగా కనిపిస్తుంది. అయినా ఇరుపక్షాలూ ఒప్పుకునే సంగతి ఒకటుంది: రేటు నియమంతో సరిపడని దారిని తోసిపుచ్చవచ్చు, సరిపడినంత మాత్రాన ఆ దారే నిజమని ముద్ర వేయలేం.

క్రమాంకమే చెప్పలేని చర్య

అయోడిన్‌కు అన్నలాంటిది బ్రోమిన్. సమీకరణం చూస్తే అచ్చు అదే: ఒక హైడ్రోజన్, ఒక బ్రోమిన్, రెండు హైడ్రోజన్ బ్రోమైడ్‌లు. 1906లో బోడెన్‌స్టైన్, లిండ్ దీన్ని కొలిస్తే పూర్తిగా వేరే ఫలితం వచ్చింది. మొదట్లో రేటు హైడ్రోజన్ గాఢతకూ, బ్రోమిన్ గాఢత వర్గమూలానికీ అనులోమంగా ఉంది, అంటే మొత్తం క్రమాంకం ఒకటిన్నర. హైడ్రోజన్ బ్రోమైడ్ పోగయ్యే కొద్దీ అది రేటు నియమంలో హారంలో చేరి రేటును కిందికి లాగింది. అప్పుడిక ఈ చర్య క్రమాంకం ఇంత అని ఒక్క అంకె చెప్పడానికి వీల్లేదు.

1919, 1920లలో క్రిస్టియన్‌సన్, హెర్జ్‌ఫెల్డ్, పొలాన్యి ఎవరికి వారు దీన్ని విప్పారు. బ్రోమిన్ పరమాణువు హైడ్రోజన్ అణువును కొడుతుంది, హైడ్రోజన్ బ్రోమైడ్‌తో పాటు ఒక హైడ్రోజన్ పరమాణువు పుడుతుంది. అది ఇంకో బ్రోమిన్ అణువును కొడుతుంది, మళ్లీ బ్రోమిన్ పరమాణువు పుడుతుంది. గొలుసు సాగుతుంది. హైడ్రోజన్ బ్రోమైడ్ ఎక్కువైతే ఆ హైడ్రోజన్ పరమాణువు బ్రోమిన్‌ను వదిలి దాన్నే కొట్టి, తయారైనదాన్ని వెనక్కి తీసుకుపోతుంది. హారంలో ఉన్న పదం అదే. ఘాతాంకంలో ఉన్న అర మాత్రం, గొలుసు మొదలవడానికి ఒక బ్రోమిన్ అణువు రెండుగా చీలిన చోటునుంచి వచ్చింది.